చీపురు లైటు

లైట్ల మేస్త్రి అంటే ఊరందరికీ తెలుసు. తెలియక చస్తుందా! ఆయన పుణ్యమా అని కానీ, అంతకుముందు ఈ ఊళ్ళో టూరిస్టు బస్సు ఆగిందంటే టైరు పంచరైనట్టే లెక్క. ఇప్పుడు చీకటి పడితే చాలు, కూడలిలో ఇసుకేస్తే రాలనంత జనం, మైకుల్లో పాటల హోరు. ఎదురుగా బారుగా ఉన్న అపార్ట్‌మెంటు గోడే తెర. దాని మీద రోజూ రాత్రి ప్రొజెక్టరు వెలుగులో ఓడలు కదులుతాయి, ఏనుగులు నడుస్తాయి, పూలు విచ్చుకుంటాయి. పెళ్ళిళ్ళకి సీరియల్ బల్బులు కట్టుకునే మనిషి, మునిసిపాలిటీ చుట్టూ కాళ్ళరిగేలా తిరిగి సాధించిన షో అది.

అయితే మేస్త్రికి ఒక పిచ్చి. షో నడిచినంతసేపూ ఆ ఇళ్ళవాళ్ళు లైట్లు ఆర్పేసి కూర్చోవాలి. ఒక్క కిటికీ వెలిగినా బొమ్మకి చిల్లు పడిందంటాడు. పిల్లలున్న ఇళ్ళు, ఊరుకుంటారా? ఎవడో ఒకడు స్విచ్చి నొక్కుతాడు. అందుకని ఎదురు మేడ మీద షో నడిపే చోట, తన పక్కనే, పెద్ద తెల్ల లైటొకటి పెట్టుకున్నాడు. ఏ కిటికీ వెలిగినా దాన్ని అటు తిప్పి, ఆ వెలుగుని ఇంకా పెద్ద వెలుగులో ముంచేసి, మెల్లిగా బొమ్మలో కలిపేస్తాడు. దానికి ముద్దుగా 'చీపురు' అని పేరు పెట్టాడు. జనం అదీ షోలో భాగమే అనుకుని ఈలలేసేవాళ్ళు.

ఆ గోడ వెనకే, మూడో అంతస్తులో, ఆయన అక్కా బావా ఉంటారు. అమ్మ పోయాక పెంచి పెద్దచేసింది ఆ అక్కే. చేతికి టెస్టరిచ్చి పని నేర్పింది ఆ బావే. కిందటేడు బావకి గుండెపోటు వచ్చింది. "మళ్ళీ నొప్పొస్తే క్షణం ఆలస్యం చెయ్యకండి, మనిషి దక్కడు" అని డాక్టరు గట్టిగానే చెప్పాడు. అప్పట్నుంచీ మేస్త్రి ఫోను మోగితే చాలు, ఉలిక్కిపడుతున్నాడు.

ఆ రోజు సెలవు. జనం విరగబడ్డారు. ఓడ గోడ మధ్యకి వచ్చేసరికి నీళ్ళల్లో ఒక కిటికీ వెలిగింది. ఆరింది. మళ్ళీ వెలిగింది.

"మొదలెట్టార్రా బాబూ! వీళ్ళ పెంపకం తగలెయ్య!" అని పళ్ళు నూరి మేస్త్రి చీపురు తిప్పాడు. బొమ్మ పడ్డాక ఆ గోడ మీద ఏ కిటికీ ఎవరిదో ఆయనకే కాదు, దేవుడిక్కూడా తెలియదు. కిటికీ తెల్లగా మునిగిపోయింది. కింద ఒకటే చప్పట్లు. ఆ వెలుగు మళ్ళీ తలెత్తలేదు. "అద్గదీ!" అనుకున్నాడు.

షో అయిపోయి వైర్లు చుడుతుంటే కింద అంబులెన్సు ఆగింది. "మేస్త్రీ, మీ బావగారు!" అని ఎవరో అరిచారు. పడుతూ లేస్తూ ఆస్పత్రికి చేరేసరికి అంతా అయిపోయింది. "ఇంకాస్త ముందు తెచ్చుంటే బతికేవారు" అనేసి డాక్టరు లోపలికి వెళ్ళిపోయాడు.

అక్క బెంచీ మీద కూర్చుని ఉంది. కళ్ళల్లో చుక్క నీళ్ళు లేవు. తమ్ముణ్ణి చెయ్యి పట్టుకుని పక్కన కూర్చోబెట్టుకుంది.

"ఫోను ఎంతకీ కలవలేదురా. అంత జనంలో ఎక్కడ కలుస్తుంది! పక్కిళ్ళవాళ్ళు అందరూ కిందే ఉన్నారాయె. గొంతు చించుకున్నా ఆ పాటల్లో ఎవరికి వినబడుతుంది? ఇక దిక్కుతోచక స్విచ్చి దగ్గర నిలబడి, ఆర్పుతూ వెలిగిస్తూ ఉన్నాను."

మేస్త్రి అక్క చేతిలోంచి తన చెయ్యి లాక్కున్నాడు.

"వెంటనే చూశావు కదా, నా తండ్రే! గదంతా పట్టపగలైపోయింది. 'అదుగోండి, తమ్ముడు చూశాడు, వచ్చేస్తున్నాడు' అన్నాను. అంత నొప్పిలోనూ మీ బావ నవ్వారు. ఇక నేను స్విచ్చి వదిలేసి, తలుపు తీసిపెట్టి, ఆయన తల ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. షో అయ్యాక పైకొచ్చిన పక్కింటివాళ్ళే అంబులెన్సుని పిలిచారు."

ఆమె తమ్ముడి వీపు నిమిరింది. "ఆ జనంలో ఇరుక్కుపోయి ఉంటావు. నువ్వు మాత్రం ఏం చేస్తావు నాన్నా? ఊరికే కుమిలిపోకు."

అవునని తలూపితే చాలు. ఆ మాట అక్కే చేతికి అందించింది. మేస్త్రి ఊపబోయాడు కూడా. మెడ కదల్లేదు.

"నేను బయల్దేరనే లేదక్కా" అన్నాడు.