నేను వెనక్కి పంపిన రాజవ్వ

2021 వానాకాలం. కరీంనగర్‌లోని ఒక ప్రైవేటు ఆసుపత్రిలో, మూత్ర సంబంధ వ్యాధులు చూసే యూరాలజీ విభాగంలో నేను స్టాఫ్ నర్సుగా చేరి అప్పటికి తొమ్మిదేళ్లు. డాక్టరు గది బయట బల్ల దగ్గర కూర్చుని, వచ్చినవాళ్ల బాధ విని కేసు షీటు రాయడం నా పని. ఎవరు లోపలికి వెళ్లాలి, ఎవరు ఆగవచ్చు అన్నది చాలావరకు నా మాట మీదే నడిచేది.

ఆ రోజు రాజవ్వ వచ్చింది. నస్పూర్ దగ్గరి పల్లె. యాభై ఏళ్లుంటాయి. భర్త లింగయ్య మస్కట్‌లో ఉంటే మూడెకరాల పత్తి చేను ఆమే చేసుకునేది. పక్కనున్న మగవాళ్లకు వినపడకుండా బల్ల మీదికి వంగి చెప్పింది.

"ఒంటికి పోతె నెత్తురు వడ్డది బిడ్డా. ఒక్కపారే. మల్ల వడలే."

"మంట గిట్ల ఉన్నదా? నొప్పి?"

"ఏం లేదు."

ముట్టు ఇంకా పూర్తిగా ఆగలేదని, ఒక నెల వస్తే రెండు నెలలు రాదని చెప్పింది. నాకు అదే కారణమనిపించింది.

"గది ముట్టు నెత్తురే అయుంటది అవ్వా. ఈ వయసుల గట్లనే అయితది. నీళ్లు మంచిగ తాగు. మల్ల వడితె రా."

"గది గాదనుకుంట బిడ్డా," అంది మెల్లగా. బయట ఇంకా చాలామంది ఉన్నారు. సార్ ఆపరేషన్ థియేటర్‌కు పోయే వేళయింది. నేను తర్వాతి మనిషిని పిలిచాను. ఆమె డాక్టరు గది తలుపు వైపు ఒకసారి చూసి వెళ్లిపోయింది.

ఏడు నెలల తర్వాత ఆమెను ఆటోలో తీసుకొచ్చారు. రక్తం గడ్డలు అడ్డుపడి మూత్రం ఆగిపోయింది. గొట్టం వేసి గడ్డలు కడిగాం. మరుసటి రోజు సిస్టోస్కోపీ చేశారు. మూత్రమార్గం గుండా సన్నటి కెమెరా పంపి మూత్రాశయం లోపల చూసే పరీక్ష అది. తెర మీద గోబిపువ్వులాంటి గడ్డ కనిపించింది. పక్కనే నిలబడిన నాకు ఆమె ఆ రోజు అన్న "గది గాదనుకుంట" గుర్తొచ్చింది.

గీకి తీసిన ముక్క పరీక్షకు వెళ్లింది. క్యాన్సర్ మూత్రాశయం కండరంలోకి దిగిందని తేలింది.

"పైపొరలోనే ఉండగా వస్తే గీకేసి, లోపల బీసీజీ మందు ఎక్కించి మూత్రాశయాన్ని కాపాడటానికి చూసేవాళ్లం," అన్నారు సార్. క్షయ టీకాలో వాడే క్రిమినే మూత్రాశయంలోకి పంపి, అక్కడి రోగనిరోధక శక్తిని లేపే చికిత్స అది. ఇప్పుడా దారి మూసుకుపోయింది. మూత్రాశయం తీయకుండా కీమో, రేడియేషన్ కలిపి ఇచ్చే పద్ధతీ ఉంది. కానీ గడ్డ వల్ల ఒక కిడ్నీ అప్పటికే ఉబ్బి ఉండటంతో అది ఆమెకు సరిపడదన్నారు. లింగయ్య మస్కట్ నుంచి వచ్చేశాడు. ముందు కీమో ఇచ్చి, తర్వాత మూత్రాశయం తీసేశారు. చిన్నపేగు ముక్కతో పొట్ట మీదికి దారి చేసి, మూత్రం చేరే సంచి అమర్చారు.

సంచి మార్చడం నేర్పే పని నాకే పడింది. ఆ రోజు ఇక దాచుకోలేకపోయాను.

"అవ్వా, నువ్వు మొదాలు వచ్చిన దినం బల్ల కాడ ఉన్నది నేనే. నిన్ను మర్లగొట్టింది నేనే."

"యాదికున్నది."

"గప్పుడే లోపలికి తోలితె నీకీ బాధ..."

ఆమె తన పొట్ట మీది సంచి వైపు చూసింది.

"గది ముట్టు నెత్తురు గాదని నాకు ఎర్కే. నువ్వు సదువుకున్నదానివి, నాకంటె నీకే ఎక్వ తెలుస్తదనుకున్న."

నేను ఏడ్చాను. ఆమె ఓదార్చలేదు. "ఎట్ల మార్వాల్నో మల్లొక్కపారి సూపెట్టు," అంది.

మరుసటి ఏడు స్కాన్‌లో పొత్తికడుపు లింఫు గ్రంథుల్లో మళ్లీ గడ్డలు కనిపించాయి. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో ఆ దశలో కీమో తప్ప చెప్పడానికి ఏమీ ఉండేది కాదు. ఇప్పుడు ఇమ్యునోథెరపీ వచ్చింది. క్యాన్సర్ మన రక్షణ కణాలను మభ్యపెట్టి దాక్కుంటుంది. ఈ మందు ఆ మాయను తొలగిస్తుంది. అందరికీ పనిచేయదు. రాజవ్వకు పనిచేసింది. మూడు వారాలకోసారి వచ్చేది. ఆమె చేతికి సూది పెట్టే పని ఇంకెవరికీ ఇవ్వలేదు నేను. చేను ముచ్చట్లు చెప్పేది. నన్ను క్షమించానని ఎన్నడూ అనలేదు. నేనూ అడగలేదు.

అలా రెండు పత్తి పంటలు తీసింది. తర్వాత జబ్బు కాలేయానికి పాకింది. మూడో పంట పూతకు రాకముందే పోయింది. ఆసుపత్రి కాగితాల కోసం వచ్చిన లింగయ్య నాతో అన్నాడు: "ఈ రెండేండ్లు మంచిగనే తిరిగింది చెల్లె. చేన్ల నేను ఎన్క వడ్డ, అది ముంగట నడిచింది."

నొప్పి లేకుండా పడి, తనంతట తానే ఆగిపోయే రక్తాన్నే ఎక్కువ అనుమానించాలని నర్సింగ్ పుస్తకంలో నేనూ చదివాను. చదివింది మరిచిపోలేదు కూడా. ఆమె కాదన్నప్పుడు వినలేదు, అంతే. కొత్త మందులు వస్తూనే ఉంటాయి. వాటి దాకా చేరాలంటే రోగి ముందు నా బల్ల దాటాలి. రోగి తన ఒంటి గురించి చెప్పే మాటను నా తొందరతో కొట్టేసే హక్కు నాకు లేదు.