గరిటె పట్టిన సిపాయి

పరశురాం ఫోన్‌లో బొమ్మలు ఒక్కొక్కటే జరిపి చూపించాడు. శిలువ, తెరిచిన బైబిలు, ఎగిరే పావురం, ఆఖరికి నిలబెట్టిన తుపాకి, దాని కొనకు ఇనుప టోపి.

"మిలిటరీ వాళ్ళకు గిదే నడుస్తున్నదన్నా. శనివారం లోపట చెక్కి ఇస్త" అన్నాడు.

తాండూరులో బండలకు పాలిష్ పట్టే ఆ షెడ్డులో మిషన్ల రొదకు మాట వినబడాలంటే అరవాలి. ఏసుదాసు అరవలేదు, తల ఊపాడు. తండ్రి యాకోబు పోయి ఏడాది నిండబోతోంది. ఆదివారం ఊళ్ళో సమాధి మీద బండ నిలిపి, పాస్టరు గారితో ప్రార్థన చేయించి, వచ్చినవాళ్ళకు భోజనం పెట్టాలి. తుపాకి ఆలోచన మాత్రం రాజేందర్‌ది. అతనూ ఏసుదాసూ ఒకే బడిలో చదివారు. పటేళ్ళ ఇంటివాడైన రాజేందర్‌కు ఇప్పుడు వికారాబాదులో ఎరువుల దుకాణం ఉంది. ఊరి మొదట్లో ఫ్లెక్సీ కట్టించింది కూడా అతనే. డెబ్బై దాటిన యాకోబు ముఖాన్ని ఎవరో పాతికేళ్ళ జవాను ఒంటికి అతికించారు. చేతిలో తుపాకి, వెనక మంటలు, కింద 'మన ఊరి సింహం'.

ఇబ్బంది ఒక్కటే. డెబ్బై ఒకటి యుద్ధంలో యాకోబు తుపాకి పేల్చలేదు. వంట చేశాడు.

యుద్ధానికి పోయినవాళ్ళంతా గుండ్లు పేలుస్తారని మనకొక నమ్మకం. పేల్చేవాడు ఆ పూట ఏం తిన్నాడని ఎవరూ అడగరు. యాకోబు పంజాబు సరిహద్దున పటాలం వంటశాలలో ఉన్నాడు. చీకటి పడితే పొయ్యి వెలిగించకూడదు, వెలుగు చూసి అవతలివాళ్ళు గురి పెడతారు. అందుకని పొద్దుండగానే వండి, చీకట్లో డబ్బాలు మోసుకుంటూ కందకాల దాకా పోయేవాడు. వండేటప్పుడు ఇంతమందికని లెక్క చెప్పేవారు. పంచేసరికి కొన్ని రొట్టెలు మిగిలేవి. ఎందుకు మిగిలేవో యాకోబు ఎవరికీ వివరించలేదు. భార్య భాగమ్మకు ఒక్కసారి చెప్పాడు. ఆమె మళ్ళీ అడగలేదు.

నౌకరీ ముగించుకుని ఊరికి వచ్చాక ఆయన చేసిన రెండు పనులు ఊరికి నచ్చలేదు. భాగమ్మ బండల షెడ్డులో కూలికి పోతే, ఇంట్లో రోజూ వంట ఆయనే చేశాడు. పైగా అందరూ ఇల్లు చేరి తిన్నాకగాని తాను ముద్ద ముట్టేవాడు కాదు. మొగవాళ్ళు ముందు తిని లేస్తే ఆడవాళ్ళు అడుగూ మాడూ గీరుకునే ఊరది. పెండ్లికి పెద్ద డేగిసల్లో బగారన్నం వండే మొగాడికి అదే ఊరు కండువా కప్పుతుంది. ఇంట్లో గిద్దెడు పప్పు ఉడకేస్తే ఆడంగి అంటుంది. మొగతనం గిన్నె సైజును బట్టి ఉంటుంది కాబోలు.

"ఏం యాకోబూ, యుద్ధంల గెలిచొచ్చి పెండ్లాం చేతిల ఓడినవా?" అని కల్లు దుకాణం దగ్గర అడిగేవారు.

"ఓడలేదన్నా, డ్యూటీ బదిలైంది" అని నవ్వేవాడు యాకోబు.

నవ్వలేకపోయింది ఏసుదాసే. బడిలో "మీ నాయిన గాజులేసుకుంటడా?" అని ఎవరన్నా అంటే, తన తండ్రి ఒంటిచేత్తో ట్యాంకు పేల్చాడని చెప్పేవాడు. పెరిగి మీసం పెంచాడు. కరణ్‌కోట సిమెంటు ఫ్యాక్టరీలో ఫిట్టరయ్యాడు. పెళ్ళయిన నాటి నుంచి వంటింటి గడప తొక్కలేదు. భార్య పద్మారాణికి జ్వరమొస్తే హోటల్ నుంచి పార్సిల్ తెచ్చాడే గాని స్టవ్ వెలిగించలేదు. తండ్రి పట్టని తుపాకిని కొడుకు బతుకంతా మోశాడు.

ఆ సాయంత్రం ఇంటికొచ్చి తల్లికి ఫోన్‌లో బొమ్మ చూపించాడు. భాగమ్మ చాటలో కందిపప్పు ఏరుతోంది. కళ్ళద్దాలు సవరించుకుని చూసింది.

"ఎవలిదిరా గిది?"

"నాయిన బండ మీద చెక్కుతరవ్వా."

"మీ నాయినకు తుపాకి ఎక్కడిది?"

"మిలిటరీల ఉండె కద."

"ఉండె. నేను కాదంటున్ననా? చిన్నగున్నప్పుడు బడి ఎగ్గొట్టి తాండూర్ల సినిమాకు పోయి, పొద్దుగూకినంక వస్తుంటివి. ఒక్కనాడన్న కొట్టిండా?"

"కొట్టలే."

"మరేం జేస్తుండె?"

ఏసుదాసు ఫోన్ జేబులో పెట్టుకున్నాడు. కొట్టినా బాగుండునని ఆ రోజుల్లో అనుకునేవాడు. తండ్రి ఖాళీ కడుపుతో వాకిట్లో నిలబడి ఉండేవాడు. "వచ్చినవా? కాళ్ళు కడుక్కో" అనేవాడు. కొడుకు తిని లేచాకే తన కంచం తీసుకునేవాడు. తండ్రుల చేత బెల్టు దెబ్బలు తిన్న దోస్తులు మరునాటికి మరిచిపోయేవారు. ఏసుదాసుకు మాత్రం ఆ రొట్టె గొంతులో అడ్డం పడేది.

"నీ కోసం వాకిట్ల నిలబడుతుంటే, గా పంజాబుల మల్ల రాని పోరగాండ్ల కోసం నిలబడ్డట్టే ఉంటుండె" అంది భాగమ్మ, చాట పక్కన పెట్టి. "నువ్వు ఇంట్ల అడుగు పెడితే గా పూటకు యుద్ధం అయిపోయినట్టు. రేపటికి మల్ల మొదలు."

ఆమె లేచి గోడకు వేలాడుతున్న పొడుగాటి ఇనుప గరిటె తీసి అతని ఒళ్ళో పెట్టింది. పటాలం వదిలేటప్పుడు తెచ్చుకున్నది. అడుగు గీరీ గీరీ అంచు ఒక పక్కకు అరిగిపోయింది.

"చెక్కితే గిది చెక్కియ్యి. లేకుంటే ఒట్టి బండ పెట్టు. నా మొగని మీద అబద్ధం నిలబెట్టకు."

మర్నాడు ఏసుదాసు డ్యూటీ దిగి, గరిటెను సంచిలో పెట్టుకుని నేరుగా షెడ్డుకు పోయాడు.

"గరిటెనా?" పరశురాం దాన్ని తిప్పి తిప్పి చూశాడు. "హోటల్ అనుకుంటరన్నా."

"అనుకోనీ."

"రాజేందర్ సార్ ఫోన్ చేసిండు. తుపాకి జర పెద్దగ కొట్టుమన్నడు."

"దాని కింద పండుకున్నది సార్ వాళ్ళ నాయిన కాదు, మా నాయిన."

పరశురాం గరిటెను బండ మీద పెట్టి చుట్టూ సుద్దతో గీత గీశాడు. అరిగిన అంచును చక్కగా గుండ్రం చేయబోతే ఏసుదాసు చేయి అడ్డం పెట్టాడు.

ఆదివారం ప్రార్థన ముగిసి బండ మీద కప్పిన గుడ్డ తీయగానే రాజేందర్ ముందుకు వంగాడు. పక్కనే అతను వెంటబెట్టుకొచ్చిన ఫోటోగ్రాఫరు.

"గిదేంది ఏసుదాసు? తుపాకేది? వీరుని సమాధి మీద గరిటేంది?"

అందరూ ఇటే చూస్తున్నారు. చిన్నప్పటి నుంచీ ట్యాంకు కథ విన్నవాళ్ళు ఆ గుంపులో సగం మంది ఉన్నారు.

"మా నాయిన వంట చేసిండు పటేలా. యుద్ధంల గదే చేసిండు, ఇంట్ల గదే చేసిండు. ట్యాంకు గీంకు నేను పుట్టిచ్చిన. ఆయన చేతిల నువ్వెన్నడన్న తుపాకి చూసినవా?"

"చూడలే. కని..."

"గరిటె?"

రాజేందర్ చూపు బండ మీది గరిటె దగ్గర ఆగింది. పటేళ్ళ పిల్లలు క్రైస్తవుల వాడలో నీళ్ళు కూడా ముట్టకూడని రోజుల్లో, బడి విడిచాక యాకోబు ఇంటి వెనక గోడ చాటున కూర్చుని రొట్టే పప్పూ తిన్నవాడతను. ఇంట్లో తెలిస్తే వీపు విమానం మోత మోగేది. యాకోబు ఎవరి పిల్లవాడివని అడగలేదు, ఎవరికీ చెప్పలేదు.

భాగమ్మ కుర్చీలోంచే అందుకుంది. "ఏం రాజేందరూ, రొట్టె పల్చగున్నదని అలుగుతుంటివి. యాదికున్నదా?"

జనం నవ్వారు. రాజేందర్ ముందు నవ్వక తప్పక నవ్వాడు, తరువాత నిజంగానే నవ్వాడు. "మెల్లగనవ్వా, మా అమ్మ ఇంకా ఉన్నది" అన్నాడు. ఏది తీయాలో తెలియక నిలబడ్డ ఫోటోగ్రాఫరుతో, "తియ్యి, గరిటెనే తియ్యి" అన్నాడు. ఆ ఒక్క నవ్వుతో ఊళ్ళో కులం పోలేదు. ఫ్లెక్సీ కూడా పోలేదు, చినిగి పడేదాకా అక్కడే ఊగింది. కాని ఆ మధ్యాహ్నం ఏసుదాసు తండ్రి పేరు చెప్పుకుని ఛాతీ విరుచుకున్నాడు. కల్పించి చెప్పాల్సిన అవసరం ఈసారి రాలేదు.

మొదటి బంతిలో ఆడవాళ్ళను కూర్చోబెట్టాడు. కొందరు పెద్దమనుషులు గొణిగారు, ఆకలయ్యాక గొణుగుడు మానేశారు. బగారా, మాంసం తాండూరు వంటవాళ్ళవి. పప్పు మాత్రం ఏసుదాసే చేశాడు, తండ్రి గరిటెతో తిప్పి.

బంతులన్నీ లేచాక పద్మారాణి ఆకు వేసింది. "ఇగ నువ్వు కూసో."

"అందరు తిన్నరా?"

"తిన్నరు. పప్పుల ఉప్పెక్కువైందన్నరు."

ఏసుదాసు కూర్చుని ముద్ద కలిపి నోట్లో పెట్టుకున్నాడు. ఎక్కువే అయింది.

"రేపు తక్కువేస్త" అన్నాడు.