ఉలవల మీదకు నెట్టిన తప్పు

ఆరేళ్లుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. దించుకుందామంటే చోటు దొరకలేదు. ఇంట్లో చెబుదామంటే మా ఇంటామె నన్ను మంచివాణ్ననుకుంటోంది. ఊరూ అదే అనుకుంటోంది. నాకు ఒళ్లు మండేది అక్కడే. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే మీకు చెబుతున్నాను.

కదిరిలో నాకు విత్తనాలు, పురుగుమందుల అంగడి ఉంది. ఆ రోజు పొద్దున ఒక రైతు కందిచేలో పురుగు పడిందంటే, చూసొద్దామని కారులో నల్లమాడ దిక్కు బయలుదేరాను.

ఉలవలు కోతకొచ్చాయంటే మా వైపు రోడ్డే కళ్లం. కోసిన ఉలవ కట్టెను, అంటే కాయలతో ఎండిన మొక్కలను, తెచ్చి తారు రోడ్డు మీద పరుస్తారు. వచ్చే పోయే బస్సులూ లారీలూ తొక్కితే కాయ పగిలి గింజ రాలుతుంది. బండివాళ్లు ఏమీ అనరు. కాస్త నెమ్మదించి తొక్కుకుంటూ పోతారు. నేనూ అలా ఎన్నిసార్లు పోయానో.

దారిలో ఫోను టింగుమంది. మా పార్టీ నాయకుడి పుట్టినరోజట. వాట్సాప్ గ్రూపులో అప్పటికే అందరూ దండాలూ పూలూ పెట్టేశారు. మా ఎదురంగడివాడైతే ఆయన పక్కన నిలబడి దిగిన ఫొటోనే పెట్టాడు. ఎవరు పెట్టారు, ఎవరు పెట్టలేదని వేలు పెట్టి లెక్కచూసే మనిషి ఆయన. సరే, పెట్టాలి. కారు పక్కకు తీసి పెట్టొచ్చు కదా? రెండు నిమిషాల పని. ఆపలేదు. ఒక చేత్తో స్టీరింగు పట్టుకుని, ఇంకో చేత్తో కేకు బొమ్మలు వెతికాను. ఈ కేకు చిన్నదిగా ఉంది, ఆ కేకు మీద కొవ్వొత్తులు బాగున్నాయి అని ఏరాను. నలభై ఐదేళ్ల మనిషిని, నా మొహం మండ! కేకులు ఏరుతున్నాను.

దబ్బున చప్పుడైంది. అప్పుడు తలెత్తాను.

కారు తగిలింది నా అంగడికి వచ్చే రైతు గంగప్ప భార్య నారాయణమ్మకు. తలకు కొంగు చుట్టుకుని, నా వైపు వీపు పెట్టి, కర్రతో ఉలవ కట్టె తిరగేస్తూ ఉందట. కారు వచ్చే శబ్దం ఆమెకు వినిపించలేదా? వినిపించే ఉంటుంది. అన్ని బండ్లలాగే ఇదీ నెమ్మదిస్తుందిలే అనుకుని ఉంటుంది.

నేను దిగేసరికి చేలల్లోంచి జనం పరిగెత్తుకొచ్చారు. ఏమైందన్నా అని ఎవరో అడిగారు. ఉలవల మీద బండి జారింది అన్నాను. ఆ మాట ఎలా వచ్చిందో నాకే తెలియదు. ఆలోచించి అన్నానా? లేదు. కానీ ఆ తర్వాత ఈ ఆరేళ్లూ ఆలోచించే దాచాను. ఆమెను నా కారులోనే ఆసుపత్రికి తీసుకుపోయాను. దారంతా ఆమె మూలుగుతూనే ఉంది. సీటు కింద నా ఫోను టింగుటింగుమంటూనే ఉంది.

తుంటి ఎముక విరిగిందన్నారు. ఆసుపత్రి వరండాలో గంగప్ప నా దగ్గరికొచ్చాడు. కొడతాడనుకున్నాను. కొట్టినా బాగుండేది. చేతులు జోడించాడు.

"తప్పు నాదేన్నా. ట్రాక్టరుతో తొక్కిద్దామని మా ఆడమనిషి మొత్తుకున్యాది. నేనే ఇనకుండా రోడ్డు మింద ఏసినా. నీకేమన్నా అయ్యింటే నీ పిల్లోళ్లకి ఏం జవాబు చెప్పేవాణ్ని?"

నేనేమన్నానో వినండి. ఇదే నేను ఎవరికీ చెప్పుకోలేకపోయింది.

"పోనీలే గంగప్పా. కేసూ గీసూ ఏమీ లేకుండా చూసుకుంటాలే. ఇంగ మీదట రోడ్డు మింద ఏయొద్దు" అన్నాను.

అంటే, నేను అతన్ని క్షమించాను! ఆమె కాలు విరగ్గొట్టిన నేను, ఆమె మొగుణ్ని క్షమించాను. చుట్టూ ఉన్నవాళ్లు ఎంత మంచి మనసన్నా నీది అన్నారు. నేను తల వంచుకున్నాను. సిగ్గుతో అని వాళ్లకు తెలియలేదు, వినయం అనుకున్నారు.

నారాయణమ్మ ఇప్పుడు కర్ర పట్టుకుని వాకిలి దాకా నడుస్తుంది, అంతే. పొద్దున లేస్తే మొగుణ్నే తిడుతుందట. నా మాట ఇనుంటే నా కాలు నాకుండేదని. అతను ఉలవలు వేయడమే మానేశాడు. ఈ సంగతులన్నీ అతనే నాకు చెబుతాడు, అంగడికి వచ్చి, స్టూలు మీద కూర్చుని. ప్రతిసారీ నిజం నోటి దాకా వస్తుంది. ప్రతిసారీ టీ తెప్పిస్తాను. ఎందుకు చెప్పలేకపోయాను? కేసు భయమా? మొదటి ఏడాది అదే. ఆ తర్వాత? మంచివాడు అనే పేరు పోతుందని. ఇంత నీచమైన కారణమా అని మీరు అనుకోవచ్చు. నేనూ రోజూ అదే అనుకుంటాను. అనుకుని అంగడి తెరుస్తాను.

చిరాకు ఎవరి మీద చూపించాలి? కొన్నాళ్లు ఫోను మీద చూపించాను, గోడకేసి కొట్టాను. మరుసటి రోజే కొత్తది కొన్నాను. కొన్నాళ్లు ఆ నాయకుడి మీద చూపించాను. ఆయనకు పాపం ఏమీ తెలియదు. ఆ రోజు నేను కేకు పెట్టనే లేదు, ఆయన అడగనూ లేదు. ఆడవాళ్ల కాళ్లు విరగ్గొట్టి పెట్టమని ఆయన చెప్పాడా?

ఇదంతా రాసేశాను. తేలికైందా అంటే, కొద్దిగా అయింది, అబద్ధం ఎందుకు? ఆ తేలిక చూసినా నాకు కోపమే వస్తోంది. నేను ఇక్కడ తేలికపడుతున్నాను, గంగప్ప అక్కడ తిట్లు తింటున్నాడు. క్షమించమని అడగను. ఆ మాట నా నోటితో ఒకసారి చెడిపోయింది.

గంగప్పా, నా బండి జారలేదు. నేను బ్రేకే తొక్కలేదు. నీ భార్యను నేను చూడనే లేదు. తప్పు నీది కాదప్పా.