మొదట కూర్చోవలసిన మనిషి

పోయిన నెలలో మా మేనల్లుడు కొత్త కారు తెచ్చుకుంటూ, మామయ్య చేయి మంచిదని నన్ను కూడా ఖమ్మం షోరూముకు వెంటబెట్టుకు వెళ్లాడు. తాళం చెవి వాడి చేతికి రాకముందే, అక్కడి సేల్స్‌మన్ ఏవో మీటలు చూపిస్తానంటూ తానే వెళ్లి డ్రైవరు సీటులో దర్జాగా కూర్చున్నాడు. నేను ఉండబట్టలేక, లేవయ్యా లేవయ్యా అని గట్టిగా అరిచేశాను. షోరూమంతా నా వైపు తిరిగి చూసింది. మా మామయ్యకు చాదస్తం కాస్త ఎక్కువని మేనల్లుడు నవ్వుతూ సర్దిచెప్పుకున్నాడు. చాదస్తమే, కాదనను. అది నన్నెందుకు పట్టుకుందో వాడికి చెప్పినా అర్థం కాదు గానీ, మన వయసు వాళ్లకైతే చెప్పుకోవచ్చు.

మాది దూది ఏకే ఇల్లు. మా నాయన పాల్వంచలో ఇల్లిల్లూ తిరిగి పరుపులు కుట్టేవాడు. పరుపుల గిరాకీ తగ్గిపోయాక నేను జీపులకూ లారీలకూ సీట్లు కుట్టే పనిలోకి మళ్లాను. పని మారినా నాయన పెట్టిన నియమాలు మారలేదు. బూరుగు దూదికి మూడు ఎండలు చూపించకుండా దేనిలోనూ నింపకూడదు. పరుపు గానీ సీటు గానీ కుట్టడం పూర్తయ్యాక, సొంతదారు వచ్చి మొదట కూర్చునేదాకా ఇంకెవరూ దాని మీద కూర్చోకూడదు, కుట్టినవాడైతే అసలే కూడదు. మెత్తదనం చూడాలంటే అరచేత్తో నొక్కి చూసుకోవలసిందే. మొదట కూర్చున్న మనిషికే దూది అలవాటు పడుతుందని ఆయన నమ్మకం. నాకు నమ్మకం ఉందో లేదో ఎప్పుడూ ఆలోచించలేదు, పాటించాను, అంతే.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో, ఒక కార్తీకంలో, మా ఊళ్లోని వర్క్‌షాపుల వాళ్లంతా కలిసి బడి మైదానంలో పాత బండ్ల ప్రదర్శన పెట్టాలని తలపెట్టారు. వాళ్లలో ముందుండి నడిపించినవాడు మా అక్క మొగుడు, మెకానిక్కు. అశ్వారావుపేట నుంచి ఒకాయన తాతల నాటి ట్రాక్టరు తెస్తానన్నాడు, కొత్తగూడెం నుంచి గుండ్రటి ముక్కున్న లారీ వస్తుందన్నారు. అన్నింటికన్నా ముందు నిలబెట్టాలని మా బావ పట్టుబట్టింది మాత్రం మా ఊరి మోటారు తాత కారును.

మోటారు తాత అంటే మా చిన్నప్పటి బళ్లో పాఠాలు చెప్పిన టీచరమ్మ తండ్రి. నిజాం కాలంలో ఎవరో దొర వదిలేసిన విరిగిన కారును ఎడ్లతో లాగించి తెచ్చుకుని, రెండేళ్లు తంటాలుపడి తానే బాగుచేసుకున్నాడట. పాల్వంచ నుంచి గోదావరి రేవు దాకా అప్పుడు ఉన్నది అడవిలో ఎడ్లబండ్ల బాట. గునపంతో రాళ్లు పెకలించి, వాగుల్లో దుంగలు పరిచి దాన్ని మోటారు బాటగా చేసింది ఆయనే. యుద్ధం రోజుల్లో పెట్రోలు దొరక్కపోతే కారు వెనక బొగ్గు పొయ్యి బిగించి, దాని గ్యాసుతో నడిపాడు. భద్రాచలం పోయే యాత్రికులు, పురిటి నొప్పుల ఆడవాళ్లు, జ్వరంతో వణికే గూడేల జనం, అందరికీ అదే బండి. చప్పుడు వినగానే గూడేల వాళ్లు ఇంజనులో పోయడానికి కుండతో నీళ్లు పట్టుకుని బాట మీదికి వచ్చేవారట.

అటువంటి మనిషి ఒక చలికాలం పొద్దున రేవులో జనాన్ని దింపి, ఒక్కడే తిరిగి వస్తూ అడవి మధ్యలో మాయమైపోయాడు. వెతకబోయిన వాళ్లకు బాట పక్కన కారు నిలబడి కనిపించింది. తలుపు తీసి ఉంది, తలపాగా సీటు మీద ఉంది, ఇంజను ఇంకా వెచ్చగానే ఉంది, మనిషి మాత్రం లేడు. పులి ఎత్తుకుపోయిందన్నారు, ఆ కల్లోలపు రోజుల్లో ఎవరో పట్టుకుపోయారన్నారు. నెత్తురు చుక్క గానీ చిరిగిన గుడ్డపేలిక గానీ దొరకలేదు.

అప్పటికి టీచరమ్మకు ఎనిమిదేళ్లు. శవం లేదు కనుక సమాధి లేదు, ప్రార్థన లేదు. వాళ్ల చర్చిలో పాస్టర్లు ఎంతమంది మారినా, పోయినట్టు ప్రార్థన చేయిద్దామంటే ఆమె ఒప్పుకోలేదు. తండ్రి తిరిగి వస్తే ఇల్లు కనిపించాలని పెళ్లి చేసుకోలేదు, ప్రమోషను వదులుకుంది, ఒక్క రాత్రి కూడా పరాయి ఊళ్లో పడుకోలేదు. ప్రదర్శన జరిగిన ఏడాది ఆమెకు గుండె ఆపరేషను తప్పదన్నారు, హైదరాబాదు పోవాలి. పోయేలోగా తండ్రి సంగతి తేల్చుకోవాలి, ఎలా తేల్చుకోవాలో తెలియదు. ఆ బెంగతోనే కాబోలు, ఏళ్ల తరబడి ఎవరినీ తాకనివ్వని కారును మా బావకు అప్పజెప్పింది.

పాత సీటు ఎలుకలు కొట్టి స్ప్రింగులు బయటపడి ఉంది. గోనె పట్టా, కొబ్బరి పీచు వేసి, పైన నాలుగు వేళ్ల మందాన బూరుగు దూది పరిచి కొత్తది కుట్టమన్నారు. సరిగ్గా అప్పుడే తుఫాను ముసురు పట్టింది. నాయన ఎండ వచ్చేదాకా ఆగమన్నాడు, బావ తొందరపెట్టాడు. చెమ్మ దూదినే నింపేశాను. నా బతుకులో చేసిన తప్పుడు పని అదొక్కటే అనను గానీ, తెలిసి చేసింది మాత్రం అదే.

సీటు బిగించాక టీచరమ్మ వచ్చి చూసింది. సొంతదారు మొదట కూర్చోవాలని నేనంటే, ఆమె తల అడ్డంగా ఊపింది.

"అది మా నాయన సీటు బిడ్డా. ఎవ్వలు కూసోవద్దు."

సీటుకు అడ్డంగా తాడు కట్టి, బావ వర్క్‌షాపు షెడ్డుకు తాళం వేశాం. ఇక బండి ఎలా నడపాలిరా అని బావ తల పట్టుకున్నాడు.

మర్నాడు పొద్దున తాళం తీస్తే సీటు కుంగి ఉంది. అచ్చంగా ఒక మనిషి చాలాసేపు కూర్చుని లేచినట్టు, ఎడమ పక్కకు కాస్త ఎక్కువగా. తాడు కట్టింది కట్టినట్టే ఉంది. చెమ్మ దూది గుణం నాకు తెలుసు కనుక నోరు మూసుకుని, కుట్లు విప్పి దూది చిక్కుతీసి సమంగా సర్ది మళ్లీ కుట్టాను. రెండోనాడు మళ్లీ అదే పల్లం, మళ్లీ ఎడమకే. మళ్లీ విప్పి సర్ది కుట్టాను. షెడ్డు నేల వాలుగా ఉండి ఉంటుందని బావ కారు ముక్కు వెనక వైపుకు వచ్చేలా తిప్పి నిలబెట్టించాడు. నేల వాలైతే ఈసారి కుడికి కుంగాలి. మూడోనాడు పొద్దున కూడా ఎడమకే కుంగి ఉంది. బావ నా మొహం చూశాడు, నేను ఆయన మొహం చూశాను. ఆ రోజు నుంచి మేమిద్దరం ఆ షెడ్డులోకి విడివిడిగా పోలేదు.

ప్రదర్శన ఆ రోజే. ఇంజను బాగానే ఉన్నా, సీటులో కూర్చునే ధైర్యం ఎవరికీ లేక, బావ పక్కనే నడుస్తూ బయటి నుంచే స్టీరింగు పట్టుకుంటే ఆరుగురం వెనక నుంచి నెట్టుకుంటూ మైదానానికి చేర్చాం. చూసినవాళ్లు బండి చెడిపోయిందనుకుని నవ్వారు. మేం నవ్వలేదు.

టీచరమ్మ వచ్చి కారు చుట్టూ ఒకసారి తిరిగి, డ్రైవరు పక్కన ఆగిపోయింది. ఎడమ పల్లం మీద అరచేయి ఆనించింది. తలెత్తి, తన తండ్రికి నడుము దెబ్బ తగిలినప్పటి నుంచి ఎప్పుడూ ఎడమకే ఒరిగి కూర్చునేవాడని చెప్పింది. ఆ మాట అంతకుముందు మాలో ఎవరికీ తెలియదు. 

"నిజం చెప్పు బిడ్డా. దీని మీద ఎవలన్న కూసున్నరా?"

"ఎవ్వలు కూసోలేదు టీచరమ్మా."

అందులో అబద్ధం ఏమీ లేదు. చెమ్మ దూది మాట నాలుక చివరిదాకా వచ్చి ఆగిపోయింది. ఆమె తాడు మీద చేయి వేసి, ఎవరితోనో అన్నట్టుగా నెమ్మదిగా అంది.

"బతికున్నోడైతె తాళం తియ్యమని అడుగుతుండె. అడగకుంటనె వచ్చి కూసున్నడంటె..."

 ఆ సాయంత్రమే పాస్టరు గారికి కబురు పంపింది. పాతిపెట్టడానికి తండ్రిది ఇంకేమీ మిగలలేదు కనుక ఆ సీటునే పెట్టెలో ఉంచి సమాధి చేయాలంది. పాస్టరు గారు మొదట తటపటాయించి, ఆమె మొహం చూసి సరేనన్నారు.

 నా తొందరపాటు పనికి శిలువ నాటబోతున్నారు. ఇంటికి వెళ్లి నాయనకు ఉన్నదున్నట్టు చెప్పేశాను. నాయనకు అప్పటికే చూపు సరిగ్గా ఆనేది కాదు. నా భుజం పట్టుకుని టీచరమ్మ ఇంటికి వచ్చి, పెట్టె పక్కన కూర్చుని, సీటు మీద అంచు నుంచి అంచుకు వేళ్లతో నొక్కుకుంటూ పోయాడు. ఎడమ పల్లం దగ్గర చేయి చప్పున వెనక్కి తీసుకున్నాడు. తిరిగి వచ్చే దారిలో నన్ను తిట్టలేదు, ఇంతే అన్నాడు.

"తడిదూదైతె అంతట ఒక్క తీర్గనె కుంగుతది. తప్పు నీదే గని, గా కుంగిన తీరు నీది గాదు. గమ్మునుండు."

సమాధి జరిగింది. టీచరమ్మ ఆపరేషను చేయించుకుని తిరిగి వచ్చింది. ఆ ఎండాకాలం ఇంటికి తాళం వేసి, విజయవాడలో చెల్లెలి ఇంటికి వెళ్లి పది రోజులు ఉండి వచ్చింది. ఆస్పత్రికి కాక చుట్టపుచూపుగా ఊరు దాటడం యాభై ఏళ్లలో అదే మొదటిసారి. రెండు పూటలా కడుపునిండా తిన్నానని, మధ్యాహ్నాలు కూడా నిద్రపోయానని బస్టాండులో నాకే చెప్పింది. ఇంకో నాలుగేళ్లు బతికింది.

ఇప్పుడు సీట్లన్నీ ఫోమువే. ఎవరు లేచినా క్షణంలో పైకి వచ్చేస్తాయి. రేవు దాకా అడవి దారి తారు రోడ్డయింది, గంటలో భద్రాచలం. మనిషి అరగంట ఆలస్యమైతే పది ఫోన్లు చేస్తారు గానీ, ఒకరి కోసం ఒక చోటును యాభై ఏళ్లకు పైగా ఖాళీగా ఉంచే ఓపిక ఎవరికుంది? అది పోయినందుకు నాకు దిగులుగానే ఉంటుంది, అంత ఎదురుచూపు ఎవరికీ వద్దని కూడా అనిపిస్తుంది. నాయన పోయాడు, టీచరమ్మ పోయింది, బావకు మతిమరుపు వచ్చి అక్కనే గుర్తుపట్టడం లేదు. ఆ ముసురు రోజుల్లో తాళం వేసిన షెడ్డులో ఏం జరిగిందో చెప్పగలిగిన వాళ్లలో ఇక మిగిలింది నేనొక్కణ్ణే. నాకేమో తెలియదు.