టోపీ లైటులో చూసిన నీళ్లు

మొన్న మా వంటింట్లో నీళ్ల ఫిల్టరు బిగించడానికి వచ్చినాయన, పని మొదలుపెట్టకముందే రెండు గాజు గ్లాసులు అడిగి, ఒకదాంట్లో మా బోరు నీళ్లు, ఇంకోదాంట్లో తన సీసాలోని నీళ్లు పోసి, రెండింటిలోనూ కరెంటు కమ్మీలు ముంచాడు. నిమిషం గడవకముందే మా గ్లాసు తుప్పు రంగుకు తిరిగి అడుగున నల్లటి మడ్డి దిగింది.

"సూసినవా కాకా, ఇన్నొద్దులు మీరు తాగింది గిదే," అన్నాడు.

ఆ మడ్డి నీళ్లది కాదని, కరెంటు పారితే ఇనుప కమ్మీయే కరిగి దిగుతుందని, అతని సీసాలో ఉప్పులేవీ లేవు కనుక కరెంటు పారలేదని నాకు తెలుసు. గాలిలోంచి విభూతి తీసే బాబాల గుట్టు నడిబజారులో విప్పిన చేతులు నావి. ఉపన్యాసం మొదలుపెట్టబోయి, పొయ్యి దగ్గరున్న నా భార్యను చూసి ఆగిపోయాను. ఆమె చూపు గ్లాసు మీద లేదు, నా మీద ఉంది.

మన వయసువాళ్లకు గుర్తుండే ఉంటుంది, గోదావరిఖనిలో ఎండలు ముదిరితే నల్లాలు బంద్ అయ్యేవి. నేను గనిలో చేరిన కొత్తలో, క్వార్టర్లలోని మా లైనువాళ్లమే కూడి ఒక బోరు వేయించుకున్నాం. అది పోశమ్మ తల్లిగా మొక్కే రాయికి దగ్గర పడింది. వారం తిరగకముందే మా లైనులో ఒకాయన మీద గని కప్పు కూలింది. ఇది పోశమ్మ శాపమని, ఇక ఆ నీళ్లు తాగితే ఏ ఇల్లూ నిలవదని మాట పాకి, ఆడవాళ్లు బిందెలు తిప్పుకుని పోసాగారు.

వాదం దొరికితే అన్నం మరిచే వయసు నాది. గని దిగొచ్చాక ల్యాంపు రూములో అప్పజెప్పవలసిన, టోపీకి తగిలించుకునే లైటును బతిమాలి తెచ్చి, లైనంతటినీ బోరు దగ్గర పోగుచేసి, గ్లాసెడు నీళ్లలోకి ఆ వెలుగు వేసి చూపించాను. గని లోపల దేన్ని నమ్మాలన్నా మేము ఆ వెలుగు వేసి చూసే నమ్మేవాళ్లం. నలుసు లేదు. అందరి ఎదుటా గటగటా తాగాను. అప్పుడు పక్కింటి అవ్వ ఒక్కతే ముందుకొచ్చింది.

"పోశమ్మ సంగతి నాకెరుకలే బిడ్డా. గీ నీళ్లల్ల పప్పు ఉడుకుతలేదు."

పప్పుకు కూడా పోశమ్మే అడ్డం పడుతోందా అన్నాను. లైనంతా నవ్వింది. అవ్వ ఖాళీ బిందెతో వెళ్లిపోయింది. మర్నాటి నుంచి ఏళ్ల తరబడి, నల్లాలు తిరిగి వచ్చాక కూడా, దగ్గరగా ఉందని అందరం ఆ బోరు నీళ్లే తాగాం.

శాపం లేదని నేనన్నది నిజం. శాపం లేదు కనుక నీళ్లు మంచివన్నది మాత్రం నేను పరీక్షించని మాట. నీళ్లలో ఏదో కలిసి ఉందనడానికి అంతమందిలో ఒక్క సాక్ష్యం తెచ్చింది అవ్వ. దాన్ని నేను నవ్వులపాలు చేశాను. ఫ్లోరైడు టోపీ లైటుకు కనబడదు. మా లైను పిల్లలకు పాలపళ్లు రాలి కొత్తవి వచ్చేసరికి వాటి మీద గోధుమరంగు చారలున్నాయి. దవాఖానలో డాక్టరు మా బిడ్డ నోరు తెరిపించి చూసి, ఏ నీళ్లు తాగుతున్నారని నన్నడిగాడు. పరీక్ష చేయించి బోరు మూసేసే నాటికి ఆ పిల్లలందరికీ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వడం అలవాటైపోయింది. నా భార్య మోకాళ్లు బిగుసుకుపోయింది ఆ నీళ్ల వల్లేనని రుజువు లేదు. కాదనే ధైర్యమూ నాకు లేదు.

ఇప్పుడు ఆ బిడ్డే తన మూడేళ్ల పాపతో మా దగ్గర, క్వార్టరు వదిలి వచ్చిన ఈ ఇంట్లో ఉంటోంది. పాప చిగుళ్ల లోపల అసలు పళ్లు తయారవుతున్న వయసిది. అందుకే మొన్న పొయ్యి దగ్గరి నుంచి నా భార్య నెమ్మదిగా అన్నది:

"ఆనాడు నువ్వు లైటు వెట్టినవ్, ఇప్పుడు గీయన కమ్మీలు వెట్టిండు. నీళ్లల్ల ఏమున్నదో ఇద్దరు సూడలే."

మిషను ఫ్లోరైడును తీస్తుందా అని ఫిల్టరాయన్ని అడిగితే, అన్నీ తీస్తుందన్నాడు. ఎంత తీస్తుందంటే, మిషను మీద పచ్చ లైటు వెలిగితే ఫికర్ లేదన్నాడు. బిగించనిచ్చి, లోపలికి పోయే నీళ్లు ఒక సీసాలో, బయటికొచ్చేవి ఒక సీసాలో పట్టి పరీక్షకిచ్చి వచ్చాను. జవాబు ఇంకా రాలేదు. పాపకు మాత్రం బంధువుల ఇంటి నుంచి, నదిలోంచి వచ్చే నల్లా నీళ్లు మోసుకొస్తున్నాను.

ఆ రోజుల్లో నాలాంటివాణ్ని నలుగురిలో నిలబెట్టి, పప్పు ఉడకడం లేదని చెప్పే అవ్వ ఒకతె ఉండేది. ఇప్పుడు మా వీధిలో ఇంటింటా పచ్చ లైటు వెలుగుతోంది, దాన్ని ఎవరూ ఏమీ అడగరు.

నిన్న పాప దేనికో పకపకా నవ్వింది. పాలపళ్లు, మచ్చ లేనివి. అయినా వాళ్లమ్మను చూసి నేర్చుకుందేమో, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.