తమ్ముడి కార్పెట్‌కు వేసిన ముద్ర

కార్పెట్ మిల్లుల ఊరు డాల్టన్‌లో, కార్పెట్ ముక్కల్ని ఉక్కు పెట్టెలో మూసి, వాటి జిగురు నుంచి వచ్చే చెడు ఆవిర్లు కొలిచి, గదుల్లో పరవదగినవాటికి ముద్ర వేసేదాన్ని. ఊరిబడి చదువే నాది. అయినా నా ముద్ర ఒక్కటీ వెనక్కి తీసుకోవలసి రాలేదు.

ఒక వసంతంలో తమ్ముడు హార్లన్ తన మిల్లు ముక్క తెచ్చాడు. అది పరీక్షలో నెగ్గితేనే కొత్త బడి ఆర్డరు వాడిది. విప్పితే పోగుల నిండా బయటి పైన్ చెట్ల నుంచి రాలిన పసుపుపచ్చని పుప్పొడి!

“వరండాలో ఆరబెట్టావా?”

“వాసన పోవాలని కొన్నాళ్లు గాలికి పెట్టానక్కా. సొంత తమ్ముడినే పట్టుకుంటావా?”

“బడి పిల్లలు పీల్చేది నీ వరండా గాలి కాదురా. అప్పుడే తయారైన ముక్క తే.”

వాడు తెచ్చిన ఆ తాజా ముక్క పరీక్షలో ఓడిపోయింది. హార్లన్ నన్ను తిట్టుకుంటూనే జిగురు మార్చాడు. ఈసారి నెగ్గింది, ముద్ర వేశాను. ఆర్డరు వాడికే దక్కింది. ఆ కార్పెట్ మీదే పిల్లలు బోర్లా పడుకుని బొమ్మలు గీసుకుంటున్నారు.