తిమ్మక్క పట్టిన వాన

నిన్న మా మనవరాలు చీరకు గంజి పెట్టి, మిగిలిన గంజిని గిన్నెలోనే వదిలేసి మరిచిపోయింది. ఈ పొద్దున వంటింట్లో అడుగు పెట్టగానే పులిసిన వాసన గుప్పుమంది. అందరూ ముక్కు మూసుకున్నారు. నేను గోడకు ఆనుకుని ఒకటే నవ్వు. ముసలిదానికి మతి పోయిందనుకున్నారు కాబోలు, కూర్చోబెట్టి మంచినీళ్లిచ్చారు. ఆ వాసన తగిలితే నాకు తిమ్మక్క పెద్దత్త గుర్తుకొస్తుంది. ఆమెను కళ్లారా చూసినవాళ్లు మా ఇంట్లో ఇప్పుడు నేను తప్ప ఎవరూ లేరు. అందుకే ఇది రాస్తున్నాను.

తిమ్మక్క మా మామగారి అన్న భార్య. పెళ్లయిన కొన్నాళ్లకే భర్త పోయాడు, పిల్లలు లేరు. గద్వాలలో మా అత్తవారిది నేతవాళ్ల ఇల్లు. మగ్గాలు మగవాళ్లవి, రంగు పొయ్యి తిమ్మక్కది. మా చీర నూలుదే అయినా అంచూ కొంగూ పట్టువి. ఆ పట్టుకు రంగు వేసేది ఆమె. మనిషి పొట్టి, గొంతు పెద్దది, చేతులు మోచేతుల దాకా ఎప్పుడూ ఎరుపే. భర్త లేని మనిషని పేరంటాలకు ఎవరూ పిలిచేవారు కారు. "పిల్వకుంటే మానె, వాళ్లు కట్టుకున్న చీరె అంచు నాదేనాయె" అని నవ్వేది. నేను బిజినేపల్లి నుంచి ఆ ఇంటికి కోడలిగా వచ్చేనాటికి నాకు పదహారేళ్లు. అందరికంటే ముందు ఆమె నవ్వే నాకు అలవాటైంది.

అవి రెండో ప్రపంచ యుద్ధపు రోజులు. డబ్బాల్లో వచ్చే సీమ రంగుపొడి దొరకకుండా పోయింది. పెద్దత్త తన అత్తగారు చేసినట్టే లక్క దంచి, నానబెట్టి, వడకట్టి, చింతపండు పులుసు పోసి ఎరుపు తీయడం మొదలుపెట్టింది. డబ్బా రంగు మా బావి నీళ్లతో ఎలాగో సర్దుకునేది. లక్క సర్దుకోలేదు. ఆ ఉప్పునీళ్లకు పట్టు ఒకచోట ఎర్రగా, ఒకచోట బూడిద రాసినట్టు వచ్చేది. కృష్ణ నుంచి బండి మీద తెప్పిద్దామంటే వానాకాలం, ఆ నీళ్లన్నీ మట్టే. మచ్చలున్నాయని మా చీరలు కొనే షావుకారు రెండు చీరలు తిప్పి పంపాడు. మూడోసారి మగ్గం ఎక్కకముందే తానే వచ్చి పట్టు చూస్తానని, బాగా లేకపోతే ఇకమీదట రంగు బయట వేయించి తెస్తాను, మీరు నేస్తే చాలునని చెప్పి వెళ్లాడు. మామ తల వంచుకునే వదినెతో మాట్లాడాడు. "ఈ ఒక్కసారి సూస్త వదినె. గిది గూడ గట్లనే వస్తే నేను జేసేదేం లేదు." ఆ పొయ్యి ఆరిపోతే తిమ్మక్క ఆ ఇంట్లో ఊరికే కూర్చుని తినే మనిషవుతుంది. అది అందరికీ తెలుసు, ఆమెకు అందరికంటే బాగా తెలుసు.

ఆ వారంలోనే ఒక మధ్యాహ్నం నేను పెరట్లో తల రుద్దుకుంటుంటే వాన అందుకుంది. చెంబు పక్కన పెట్టి వానలోనే నిలబడ్డాను. కుంకుడు నురగ భుజాల మీదికి పొంగింది. పెద్దత్త వసారాలోంచి పరుగెత్తుకొచ్చి నా జుట్టు పట్టుకుంది.

"గింత నురగేందే రుక్కీ! మన బాయి నీళ్లకు ఎన్నడన్న గిట్లొచ్చెనా?"

"నాకేం తెల్వదు పెద్దత్తా, జర వదులు, కండ్లల్ల పడ్తుంది" అని నేను మొత్తుకుంటున్నా వినలేదు. నురగను అరచేతిలోకి తీసుకుని పసిబిడ్డను చూసినట్టు చూసింది. "లక్కకు గీ నీళ్లే గావాలె" అంది. ఇద్దరం తడిసి ముద్దయ్యాం.

మాది చౌడుమట్టి కప్పిన మిద్దె. తూములోంచి దూకే నీళ్లలో మట్టీ ఉంటుంది, చౌడూ ఉంటుంది. చిల్లగింజ అరగదీసి కలిపితే మట్టి అడుగుకు పోతుంది కాని చౌడు పోదు. అందుకని పెద్దత్త మిద్దె నీళ్లు వద్దే వద్దంది. పెరట్లో నాలుగు గుంజలు పాతించింది. గుడ్డ నాలుగు మూలలూ వాటికి కట్టి, నడుమ ఒక నున్నని రాయి వేస్తే నీళ్లన్నీ రాయి దగ్గరికి చేరి కిందికి ధారగా పడతాయి. ఆ ధార కింద పెద్ద మట్టి గోలెం, సగం దాకా నేలలో పాతినది. అది నిండితే వడకట్టి పోసుకోవడానికి వసారా నీడలో ఇంకొకటి, మూతికి గుడ్డ, గుడ్డ మీద చెక్క మూత. "ఎండ తగలొద్దు, దోమ దూరొద్దు, ఎవ్వరు ఎంగిలి చెంబు ముంచొద్దు" అని ఇంటిల్లిపాదికీ హుకుం జారీ చేసింది. గుడ్డ తెచ్చే పని నాకు పడింది. పాతదైతే చిరుగుతుందని నా తెలివంతా ఉపయోగించి, అప్పుడే మగ్గం మీంచి కోసిన ముతక పంచె తెచ్చి కట్టాను.

రెండు రోజులు మంచి వాన. గోలేలు రెండూ నిండాయి. మూడో రోజు మూత తీస్తే ఈ పొద్దున మా వంటింట్లో వచ్చిన వాసనే. పెద్దత్త వేలు ముంచింది, నీళ్లు జిగటగా సాగాయి. నాలుక మీద వేసుకుని చూసి, నేల మీద కూలబడి పొట్ట పట్టుకుని నవ్వింది. "వాన గాదే పిల్లా గిది, వాన గంజి!" పడుగు దారాలకు గంజి పట్టించకుండా ఏ మగ్గమూ నడవదు. ఉతికేదాకా ఆ గంజి గుడ్డలోనే ఉంటుంది. పుట్టు నేతవాళ్లం ఏడుగురం రెండు రోజులుగా ఆ గుడ్డ పక్కనుంచే తిరిగాం, ఒక్కరికీ తట్టలేదు. మామ మాత్రం నవ్వలేదు. "ఎవరు కట్టిన్రు గీ గుడ్డ?" అన్నాడు. నేను గుంజ చాటుకు జరిగాను. పెద్దత్త లేచి చీర దులుపుకుంది. "నేనే కట్టమన్న. ఏం, వానకు గంజి పెట్టొద్దా?" ఆ మాటకు మామకూ నవ్వాగలేదు. మా బర్రె తల ఎత్తకుండా ఆ నీళ్లు తాగింది. పక్కింటి హనుమక్క గోడ మీంచి తొంగి చూసి, "తిమ్మక్కా, మల్ల వానకు జర ఉప్పు గూడ ఎయ్యి, మా పిల్లలకు తాగిపిస్త" అని ఆటపట్టించింది.

పంచెను ఉడకబెట్టి, బండ మీద బాది, నీళ్లు తేటగా కారేదాకా నేనే ఉతికాను. గోలేలు తోమి ఎండబెట్టాం. ఇక వాన లేదు. మబ్బు రావడం, పోవడం. సంత రోజు షావుకారు వస్తానన్నాడు, అది దగ్గరపడుతోంది. ఒక పొద్దుటిపూట రొట్టెలు చేస్తుంటే చినుకు మొదలైంది. పిండి చేతులతోనే పరుగెత్తాను. పెద్దత్త ధార కింది గోలెం మీద చెక్క మూత పెట్టి, తీయనివ్వలేదు. "తొలి జల్లు గుడ్డను కడుగుతది, పోనియ్యి" అంది. అన్ని రోజులు ఎదురుచూసిన నీళ్లు కళ్లముందే నేలపాలవుతున్నాయి. వాన సన్నబడింది. "పెద్దత్తా, ఆగిపోతుంది" అని ఏడుపు గొంతుతో అన్నాను. "ఆగనియ్యి" అంది, కాని మూత మీద చెయ్యి పెట్టి మబ్బునే చూస్తోంది. మరుక్షణం పెద్ద వాన దబదబా దిగింది. మూత ఎత్తి పక్కకు విసిరేసి, ఇద్దరం ఆ ధార కింద చేతులు పెట్టి చిన్నపిల్లల్లా అరిచాం.

మర్నాడు లక్క రసం కాగులో మరుగుతుంటే పెద్దత్త ఆ ఒక్క పట్టు చిలప, షావుకారు చూడబోయే దారపు చుట్ట, తెచ్చి నా చేతిలో పెట్టింది. "ముంచు" అంది. నేనా? గంజి నీళ్లు పట్టినదాన్ని నేనే కదా! ఆమె చేటలో కొర్రలు పోసుకుని, నాకు వీపు పెట్టి వసారా అంచున కూర్చుని రాళ్లు ఏరసాగింది. నేను ముంచాను, తిప్పాను, పైకి తీశాను, మళ్లీ ముంచాను. ఆమె ఒక్కసారి కూడా వెనక్కి తిరగలేదు. చిలప పిండి దండెం మీద వేసేసరికి, ఈ కొస నుంచి ఆ కొస దాకా ఒకటే ఎరుపు. అప్పుడు నాకు కలిగిన సంతోషం నా పెళ్లిరోజు కూడా కలగలేదు.

సంత రోజు వచ్చిన షావుకారు దాన్ని ఎండలోకి పట్టుకెళ్లి, వేళ్ల మధ్య విడదీసి చూశాడు. "గిది యాడ ఏపిచ్చిన్రు?" అన్నాడు.

"మొగులు కాడ" అని పెద్దత్త పైకి చూపించింది. "ఏసింది మా కోడలు."

మామ వచ్చే ఏటికి మరో రెండు గోలేలు చేయమని కుమ్మరికి కబురు పంపాడు. రంగు పొయ్యి తిమ్మక్క ఉన్నన్నాళ్లూ ఆ ఇంట్లోనే మండింది.

షావుకారు వెళ్లాక, ఆ పూట అందరం సంబరంగా అన్నానికి కూర్చున్నాం. మొదటి ముద్దకే మామ పంటి కింద రాయి పడింది. రెండో ముద్దకు మా ఆయనకు. "వదినె, కొర్రలు ఏరలేదా ఏంది?" అన్నాడు మామ. పెద్దత్త తన ముద్దలోని రాయి ఏరి పక్కన పెట్టింది. అంతసేపు నాకు వీపు పెట్టి కూర్చున్న మనిషి, ధ్యాసంతా నా కాగు మీదే ఉండి, ఒక్క రాయి కూడా తీయలేదని నాకప్పుడు అర్థమైంది. ఆ తర్వాత ఎంతోమందికి నేను రంగు నేర్పాను. నేర్చుకునే పిల్ల మొదటిసారి పట్టు ముంచే రోజున నేనూ చేట పట్టుకుని వెనక్కి తిరిగి కూర్చుంటాను. ఆ రోజు మా ఇంట్లో అన్నంలో రాళ్లుంటాయి.